చేప గొర్రు, ఆకు గొర్రు

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, నా అంత తెలివైన మనిషి గురజాల తాలూకా మొత్తంలో లేదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఎవరి చేలో పోయిందో కూడా నాకు సరిగ్గా గుర్తుంది. ఆ చేను బడికి వెళ్ళే దారి పక్కనే ఉండేది. ఒక పంటకాలం మొత్తం రోజుకు రెండుసార్లు దాన్ని చూసుకుంటూ నడిచాను.

ట్రైనింగ్ ముగించుకుని ఆ ఊరి మిషను బడిలో టీచరుగా చేరాను. దాచేపల్లి వైపు వెళ్ళే బస్సు దిగి రెండు మైళ్ళు నడిస్తే ఊరు వస్తుంది. నాకు దొరికిన గది వడ్రంగి ఇంటిని ఆనుకుని ఉండేది. గోడలు రాయి, కప్పు నాపరాయి. గోడకు అవతల ఆయన పని చేసే పాక. కోడి కూయకముందే బాడిశతో కొయ్య చెక్కే చప్పుడు మొదలయ్యేది. నాకు కోపం తొందర, ఇప్పటికీ తగ్గలేదు. మొదటి వారం ఆయనతో పోట్లాడాను. రెండో వారం మా బడి బోర్డు కాలు విరిగితే ఆయనే వచ్చి బాగుచేసిపోయాడు. మూడో వారానికి ఆయన నాకు బాబాయ్, ఆయన భార్య పిన్ని. పిన్ని మొదట్లో మంచినీళ్ళు గుమ్మం బయటే ఇచ్చేది. అది నాకు కష్టంగానే ఉండేది. ఆ ఏడాది చలికాలం వచ్చేసరికి వంటింట్లో పీట వేసి కూర్చోమనడం మొదలుపెట్టింది, నేనూ ఏమీ ఎరగనట్టే కూర్చున్నాను.

బాబాయ్ చేసే పనుల్లో పేరున్నది గొర్రు. చూడనివాళ్ళ కోసం చెబుతాను. అడ్డంగా ఒక తుమ్మ దుంగ, దాని కింద మూడు కొయ్య పళ్ళు, ప్రతి పన్ను వెనకా ఒక వెదురు గొట్టం. గొట్టాలు మూడూ పైన ఒక చెక్క గిన్నెలో కలుస్తాయి, దాన్ని జడ్డిగం అంటారు. ఎడ్లు లాగుతుంటే ఒక ఆడమనిషి వెనక నడుస్తూ జడ్డిగంలో గింజలు వదులుతుంది. పళ్ళు చీల్చిన మూడు సాళ్ళలో అవి సమానంగా పడాలి. పడితే పంట, లేకపోతే లేదు.

అందరు వడ్రంగులూ తాతలనాటి కొలతతో గొర్రు చేసేవాళ్ళు. మా బాబాయ్ కుదురులేని మనిషి. ఈ ఏడు జడ్డిగం అంచు కొంచెం ఎత్తు పెంచేవాడు, ఆ తర్వాతి ఏడు గొట్టం బెజ్జం వెడల్పు చేసేవాడు. ఒక ఏడు ఏకంగా పళ్ళ వాలే మార్చేశాడు. అంతకుముందు పళ్ళు నిటారుగా ఉండేవి, ఆ తర్వాత ముందుకు వాలాయి. వాలు పన్ను అయితే మా పల్నాడు రాళ్ళ నేలలో తేలిగ్గా సాగుతుందని ఆయన కనిపెట్టాడు. నిజంగానే సాగింది. రాజుపాలెం వైపు నుంచి కూడా రైతులు బండ్లు కట్టుకుని వచ్చి గొర్రులు చేయించుకునేవారు.

చిక్కల్లా పన్ను విరిగినప్పుడు వచ్చేది. విత్తే అదను అంటే వాన పడ్డాక మూడు రోజులు, మహా అయితే నాలుగు. ఆ మూడు రోజుల్లోనే ఊళ్ళో సగం గొర్రుల పళ్ళు రాళ్ళకు తగిలి విరిగేవి. అందరూ ఒకేసారి పాక మీద పడేవారు.

"నీ గొర్రు ఏది?" అని బాబాయ్ అడిగేవాడు.

"మొన్న చేశావే, అది."

"ఏ మొన్న?"

ఇక అక్కడి నుంచి మా బావ పెళ్ళికి ముందు, గేదె ఈనిన ఏడు, తుపాను వచ్చిన ఏడు అంటూ లెక్కలు నడిచేవి. పచ్చి నేల అక్కడ ఆరిపోతూ ఉండేది. బాబాయ్ ఆ చేలకు పరిగెత్తి, గొర్రు చూసి, వెనక్కి పరిగెత్తుకొచ్చి పన్ను చెక్కేవాడు.

ఒక సాయంత్రం పెరటి గోడ మీద నుంచి తొంగిచూస్తూ, "టీచరమ్మా, చదువుకున్నదానివి. నా గొర్రులకి ఏదన్నా లెక్క పెట్టు. చూడంగానే ఏది ఏ గొర్రో తెలియాల. లేకపోతే ఈ పరుగులతో వచ్చే వానకి నేను ఉండను" అన్నాడు.

ఇంత చిన్న పనా అనుకున్నాను. నెంబర్లు వేయమన్నాను. మొదట చేసిన రకం ఒకటి, మార్పు చేసిన ప్రతిసారీ రెండు, మూడు, నాలుగు. దుంగ మీద ఒకటి, పన్ను మీద ఒకటి చెక్కితే సరిపోతుంది. బాబాయ్ రెండు రోజులు కూర్చుని పాకలో ఉన్నవాటన్నిటి మీదా అంకెలు చెక్కాడు. నేను బడి నుంచి వచ్చి, తప్పులున్నాయేమోనని పిల్లల పలకలు దిద్దినట్టు దిద్దాను.

మూడో రోజు ఊళ్ళో ఒక మోతుబరి రైతు వచ్చాడు. పంచాయతీ ఎన్నికల్లో పక్క వీధి ఆసామి చేతిలో ఓడిపోయి ఆర్నెల్లు కాలేదు. ఈ మోతుబరి చేయించుకున్న గొర్రు తయారై ఉంది. నాలుగో నెంబరు, అన్నిటికన్నా కొత్తది, బాగా తీరింది. ఆయన అంకె చూశాడు.

"ఆయన గొర్రుకి ఎంత నెంబరు వేశావ్?" అని అడిగాడు.

పక్క వీధి ఆసామిది పాతకాలపు గొర్రు. బాబాయ్ అబద్ధం చెప్పలేక, "ఒకటి" అన్నాడు.

"ఆయన ఒకటి, నేను నాలుగా?"

ఈ నాలుగు ఆ ఒకటి కన్నా ఎందుకు మేలో నేను చెప్పబోయాను. క్లాసులో చెప్పినట్టు చాలా వివరంగా చెప్పాను. ఆయన మర్యాదగా మొత్తం విని, "అమ్మా, నువ్వు చెప్పింది నాకు అర్థమైంది. ఊరికి నువ్వు చెబుతావా?" అన్నాడు. మూలన పడి ఉన్న, బాబాయ్ చేసిన వాటిలోకెల్లా మొండి గొర్రును ఒకటో నెంబరు ఉందని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఇంకో ఇద్దరు వచ్చి ఒకటో నెంబరు అడిగారు. ఊళ్ళో తాంబూలం ముందు ఎవరికి ఇవ్వాలనే దాని మీదే తలలు పగిలిన రోజులవి, గొర్రు దగ్గర మాత్రం ఊరుకుంటారా!

"అంకెలు వద్దులే. మా పెద్దలు సంవత్సరాలకి పేర్లు పెట్టారు గదా, ఏ ఏడు చేసిన గొర్రుకి ఆ ఏటి పేరు పెడదాం" అన్నాడు బాబాయ్. నాకు నచ్చింది. అది శార్వరి సంవత్సరం. అంతకుముందు ఏమిటని అడిగాను.

"వికారి," అన్నాడు బాబాయ్.

పిన్ని చేటలో బియ్యం చెరుగుతూ, "వికారి గొర్రు ఎవడు కొంటాడయ్యా?" అంది.

నేను పంచాంగం తెప్పించి ముందున్న పేర్లు చూశాను. ఇంకో నాలుగేళ్ళకు క్రోధి, ఆరేళ్ళకు పరాభవ. ఎన్నికల్లో ఓడిపోయిన మోతుబరి వచ్చి గొర్రు అడిగితే పరాభవ చేతిలో పెట్టే దృశ్యం ముగ్గురికీ ఒకేసారి కళ్ళకు కట్టింది. పిన్ని చేట కింద పెట్టి మరీ నవ్వింది. పంచాంగం మూసేశాను.

తర్వాత బొమ్మలు అన్నాను. చదువు రానివాళ్ళు కూడా బొమ్మ పోల్చుకుంటారు. ముందు ఎద్దుల జత అనుకున్నాం. అది ఒక పార్టీ ఓట్ల గుర్తు. కంకీ కొడవలి ఇంకో పార్టీది. ఆ గుర్తున్న గొర్రును ఈ గుర్తువాళ్ళు చేలోకి రానివ్వరు. ఏ పార్టీకీ పట్టని బొమ్మలు వెతికి వెతికి చివరకు చేప, ఆకు దగ్గర ఆగాం. రెండూ ఉలితో నాలుగు గీతల్లో వస్తాయి.

అప్పుడే నాకు ఆ గొప్ప ఆలోచన వచ్చింది. బాబాయ్ చేసే మార్పులు రెండు రకాలని గమనించాను. కొన్ని చిన్నవి. అంచు పెంచడం, గొట్టం వెడల్పు చేయడం. వాటివల్ల పాత పన్ను కొత్త గొర్రుకు పనికిరాకుండా పోదు. పళ్ళ వాలు మార్చడం మాత్రం పెద్దది. దానికి ముందు పళ్ళు దాని తర్వాతి దుంగలకు పనికిరావు. కాబట్టి పెద్ద మార్పు జరిగినప్పుడే బొమ్మ మారాలి. నిటారు పళ్ళ గొర్రులన్నీ చేప, వాలు పళ్ళవన్నీ ఆకు. చిన్న మార్పు చేసినప్పుడల్లా చేపకు ఒక పొలుసు, ఆకుకు ఒక ఈనె ఎక్కువ. పొలుసులెన్ని ఉన్నా చేప పన్ను చేపకే పడుతుంది.

"అంటే బొమ్మ ఇంటిపేరు, పొలుసులు పేరు అన్నమాట" అన్నాను.

బాబాయ్ ఉలి కింద పెట్టి నావైపు చూశాడు. "చానా బాగుందమ్మా" అన్నాడు. ఆయన ఎవరినీ అంతగా మెచ్చుకోడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు, సంతోషంతో.

వానలు రాకముందే అందరికీ ఈ లెక్క చెప్పాలి. ఆ పని నేనే మీద వేసుకున్నాను. పాక ముందు రైతులు కూర్చున్నప్పుడు, బావి దగ్గర ఆడవాళ్ళు కలిసినప్పుడు, ఆదివారం మిషను గుడిలో ప్రార్థన అయ్యాక చెట్టు నీడన, దొరికినవాళ్ళకల్లా చెప్పాను. జనానికి తొందరగా ఎక్కాలని ఒక ఉపమానం కూడా తయారుచేశాను.

"పెళ్ళి సంబంధం చూసేటప్పుడు ముందు ఇంటిపేరు అడుగుతారు గదా, ఇదీ అంతే. పన్ను తీసుకునే ముందు ఇంటిపేరు చూసుకోండి" అని చెప్పేదాన్ని.

అందరూ బాగా తలూపారు. ఎవరికీ ఒక్క అనుమానం రాలేదు. అన్ని తలలు అంత తేలిగ్గా ఊగినప్పుడు నేను భయపడాల్సింది. అంత అనుభవం నాకు లేదు.

ఊరి చివర ఒక పెద్దమ్మ ఉండేది. భర్త పోయాక మూడెకరాల మెట్ట తనే చేసుకునేది. ఎడ్లు లేవు, అదనులో ఒక్కరోజుకు అడిగి తెచ్చుకునేది. ఆ ఒక్కరోజులో విత్తనం పడితే ఏడాదంతా జొన్నలుంటాయి. పడకపోతే కూలికి పోవాలి. నోరు పెద్దది, నన్ను ఏమే అని పిలిచే హక్కు మొదటి రోజే తీసేసుకుంది. నా ఉపమానం విన్నవాళ్ళలో అందరికన్నా గట్టిగా తలూపింది ఆవిడే. ఆవిడ గొర్రు చేప, రెండు పొలుసులు.

తొలివాన బాగా పడింది. రెండో రోజు పొద్దున పెద్దమ్మ చేలో మొదటి చుట్టులోనే పన్ను విరిగింది. ఎడ్లు ఆ ఒక్కరోజే ఆవిడవి. పరిగెత్తుకుని పాకకు వచ్చింది. ఎవరిదో గొర్రు దుంగే విరిగితే, కొత్త దుంగ కోసం బాబాయ్ ఆ పూటకు మాచర్ల వెళ్ళాడు. నేను బడిలో ఉన్నాను. పిన్ని, "చేప కుప్ప ఇదిగో, ఆకు కుప్ప అదిగో, నీది చూసి తీసుకో వదినా" అని చెప్పి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. పెద్దమ్మ పన్ను తీసుకుంది, బిగించింది, సాయంత్రానికి విత్తనం పూర్తిచేసి ఎడ్లు అప్పజెప్పింది.

నాకు ఈ సంగతి తెలిసినప్పుడు ఎంత గర్వపడ్డానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. వడ్రంగి ఊళ్ళో లేకుండా, ఒక్క మాట అడగకుండా, చదువురాని మనిషి పన్ను మార్చుకుని విత్తేసింది! నా లెక్క గెలిచిందని మా హెడ్మాస్టరుకు కూడా చెప్పాను.

వారం తర్వాత జొన్న మొలిచింది. బడికి వెళుతూ చేనువైపు చూశాను. రెండు సాళ్ళు పచ్చగా ఉన్నాయి, మూడోది ఖాళీ. మళ్ళీ రెండు పచ్చ, ఒకటి ఖాళీ. చేను ఈ చివర నుంచి ఆ చివర దాకా అంతే. ఆ రోజు పిల్లలకు ఏం పాఠం చెప్పానో నాకు తెలియదు.

సాయంత్రం బాబాయ్, నేను చేలోకి వెళ్ళాం. పెద్దమ్మ గొర్రు పక్కన నిలబడి ఉంది. బాబాయ్ వంగి చూశాడు. రెండు చేప పళ్ళ మధ్య ఒక ఆకు పన్ను. దుంగకున్న నిటారు బెజ్జంలో అది దిగింది గానీ, వాలుగా ఉండడంతో మొన రెండు వేళ్ళు పైనే నిలిచిపోయింది. గింజలు పైపైన పడ్డాయి. సగం ఎండాయి, సగం పిట్టలు తిన్నాయి.

"పెద్దమ్మా, ఆకు పన్ను ఎందుకు తీసుకున్నావు? నీది చేప గదా" అన్నాను. ఏడుపు ఆపుకుంటూ అడిగాను గానీ, గొంతులో కోపమే వినపడి ఉంటుంది.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఏందే నువ్వు అడిగేది? సంబంధం చూసినట్టు ఇంటిపేరు చూసుకోమని చెప్పింది నువ్వు కాదటే? చూశా. మా గొర్రుది చేప. చేపకి చేపనెట్టా కలుపుతానే? అన్నాచెల్లెళ్ళు గదా! వేరే ఇంటిపేరుది వెతికి మరీ పెట్టా."

బాబాయ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఆయన నవ్వుతున్నాడని నాకు అర్థమై, ఆయన మీద కోపం వచ్చింది, తర్వాత నాకూ నవ్వు వచ్చింది, ఆ వెంటనే ఏడ్చేశాను. తప్పంతా నాది. ఒకే ఇంటిపేరువాళ్ళకు పెళ్ళి కుదరదని ఈ దేశంలో పసిపిల్లలకు కూడా తెలుసు. నా గొర్రుల సంగతి దానికి సరిగ్గా తిరగబడి ఉందని, ఊరంతా తిరిగి చెప్పిన నాకు మాత్రం తట్టలేదు. ఊళ్ళో మిగతావాళ్ళ పళ్ళు విరిగినప్పుడు బాబాయ్ దగ్గరుండి ఇచ్చాడు కాబట్టి బతికిపోయారు.

మూడో వంతు పంట అంటే ఆవిడకు నాలుగు నెలల తిండి. ఆ మాట ఆవిడ అనలేదు, నేనే మనసులో అనుకున్నాను. ఎడ్లు మళ్ళీ దొరకవు, ఒకవేళ దొరికినా మొలిచిన సాళ్ళ మధ్య గొర్రు తోలలేరు. ఏం చేయాలో నాకు తోచలేదు.

పెద్దమ్మకు తోచింది. "ఇంకో వాన పడనీ. ఆ ఖాళీ సాళ్ళలో కంది పెడదాం. చేత్తోనే పెట్టాల. నువ్వు రావాల. నువ్వు కుదిర్చిన సంబంధమేగా, పెట్టుపోతలు కూడా నువ్వే చూడు" అంది.

నాలుగు రోజులకు వాన పడింది. బడి గంటకు ముందు రెండు పొద్దులు, ఒక శనివారం పూర్తిగా, చీర పైకి దోపుకుని ఆ ఖాళీ సాళ్ళ వెంట కూర్చుని జరుగుతూ పోయాను. మూరెడుకు ఒక గుంట, గుంటకు రెండు గింజలు. పిన్ని వచ్చింది, బాబాయ్ వచ్చాడు. దారిన పోయేవాళ్ళు ఆగి, "టీచరమ్మా, పాఠం ఇయ్యాల ఇక్కడా?" అని అడిగారు. నేను తల వంచుకుని తర్వాతి గుంట తవ్వుకున్నాను. చేతులు బొబ్బలెక్కి వారం రోజులు సుద్దముక్క పట్టుకోలేకపోయాను. ఆ బొబ్బలు చూసుకుంటే మాత్రం మనసుకు కొంచెం హాయిగా ఉండేది.

కంది మొలిచింది. జొన్న కోతయ్యాక కూడా ఆ సాళ్ళు పచ్చగా నిలబడి ఉన్నాయి. ఊరంతా వాటికి టీచరమ్మ సాళ్ళు అని పేరు పెట్టింది. పెద్దమ్మ ఒకరోజు ఒడినిండా కందికాయలు తెచ్చి నా గది ముందు కుమ్మరించింది. "జొన్న తగ్గింది గానీ పప్పుకి కొదవ లేదులే. ఉడకేసుకుని తిను, తెలివికి మంచిది" అంది. నేను ఉప్పేసి ఉడకబెట్టుకుని తిన్నాను. అంత రుచిగా ఎందుకున్నాయో నాకు తెలుసు.

ఈలోపు బాబాయ్ ఊరుకోలేదు. ఆకు గొర్రులున్న ప్రతి ఇంటికీ నడిచి వెళ్ళి, వాటి బెజ్జాలు నలుపలకలుగా తొలిచాడు, వాటి పళ్ళ పైకొసలు కూడా నలుపలకలుగా చెక్కి ఇచ్చాడు. చేప గొర్రుల బెజ్జాలు గుండ్రంగానే ఉంచాడు. ఇక ఎవరేం చెప్పినా, ఎవరు ఎట్లా అర్థం చేసుకున్నా, దీని పన్ను దానిలో దిగదు. నేను ఒక చేప పన్ను తీసి ఆకు బెజ్జంలో పెట్టి చూశాను, దిగలేదు.

"మరి నా బొమ్మలెందుకు బాబాయ్?" అని అడిగాను.

"ఉండనీలే అమ్మా. చూడ్డానికి బాగున్నయ్. అయినా పొలుసుల లెక్క నాకు పనికొస్తంది" అన్నాడు. నన్ను బాధపెట్టకూడదని అన్నాడో, నిజంగానే అన్నాడో తేల్చుకోలేకపోయాను.

మరుసటి ఏడు తొలివాన పడిన మర్నాడు నేను పాకలోనే ఉన్నాను. పెద్దమ్మ వచ్చింది, మళ్ళీ పన్ను విరిగింది. బాబాయ్ అవతల ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆవిడ కుప్పలో నుంచి ఒక పన్ను తీసి, ఆయన్ని పిలవకుండా నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"ఏమే, చూడు. ఇది మాదేనా?"

పన్నును వెలుతురులోకి తిప్పి చూశాను. చేప. రెండు పొలుసులు. బొమ్మ మీద వేలు పెట్టి తడిమి మరీ చూశాను. "మీదే పెద్దమ్మా. చేపకి చేపే" అన్నాను.

"నువ్వు చెప్పావుగా, సరే" అంటూ ఆవిడ పన్ను నా చేతిలోంచి తీసుకుంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంత జరిగాక కూడా ఆవిడ వచ్చి నన్నే అడిగింది గదా అనిపించింది. గుమ్మం దాకా వెళ్ళి ఆవిడ వెనక్కి తిరిగింది.

"అయినా బెజ్జంలో పెట్టి చూసుకుంటాలే" అంది.